ఆఖరి చరణంలో పేరు

డెబ్బై ఎనిమిది వానకాలంలో జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా నాటు పడిన ప్రతి మడిలోనూ ఒకే పాట పాడారు. ఆ పాట కట్టింది నేను. నన్ను నమ్మకపోతే కప్పలను అడగండి. ఆ ఏడు రుద్రంగి వాగు పొడవునా కప్పలు బెకబెక మానేసి నా పాట అందుకున్నాయి. రెండో చరణం దగ్గర కాస్త శ్రుతి తప్పేవి, అంతే. కోరుట్ల అంగడిలో నేను గొంతు విప్పితే ఎడ్ల బేరం ఆగిపోయేది. అమ్మేవాడు, కొనేవాడు, ఎద్దు, ముగ్గురూ నా వైపే చూసేవారు.

ఆ పాట పుస్తకంలోకి ఎట్లా ఎక్కిందో చెప్పాలంటే ముందు చిన్నయ్య సారును చూపించాలి.

సారుది కోరుట్లలో చిన్న అచ్చు దుకాణం. ఒకటే గది. కాలితో తొక్కే యంత్రం ఒకటి, సీసం అక్షరాలు పోసిన అరల పెట్టెలు, మూలకు ఒక హార్మోనియం. పెళ్లి పత్రికలు కడుపు కోసం వేసేవాడు, పాటల పుస్తకాలు ప్రాణం కోసం వేసేవాడు. ఎక్కడ మంచి పాట ఉందని తెలిసినా సైకిల్ మీద పోయి రాసుకొచ్చి, హార్మోనియం మీద వాయించి చూసి, పదహారు పేజీల పుస్తకం కుట్టేవాడు. బతుకమ్మ పాటలు, తత్వాలు, కోలాటం పాటలు, ఏసు పాటలు, ఆయనకు తేడా లేదు. ఆ పుస్తకాలు సంచిలో వేసుకుని అంగళ్లలో, జాతరల్లో పాడి అమ్మేవాణ్ని నేను. మా నాయన రుద్రంగి విడిచి సిరిసిల్లలో మగ్గం నేసేవాడు. మగ్గం గుంటలో కూర్చుంటే నాకు నడుము నొప్పి వచ్చేది. పాడితే వచ్చేది కాదు. ఇరవై నాలుగేళ్లవాడికి వృత్తి మార్చుకోవడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

దుకాణం గోడకు ఒక తెల్ల దొర బొమ్మ ఉండేది. పాత కీర్తనల పుస్తకంలోంచి తీసి అంటించింది. బట్టతల, గుండ్రని కళ్లద్దాలు, ఎవరో అప్పుడే పక్క గదిలోంచి పిలిచినట్టు కొంచెం పక్కకు తిరిగిన ముఖం. సారు చిన్నతనంలో పాదిరి బడిలో చదివాడు. అక్కడ వాయిద్యం నేర్పిన ముసలి పాదిరి ఆయనకు ఈ దొర కథ చెప్పాడట. పేరు సారు చెప్పేవాడు గాని నా నోటికి ఎన్నడూ తిరగలేదు. నేను బాజా దొర అనేవాణ్ని.

బాజా దొర నూట యాభై ఏళ్ల కింద లండన్ పట్నంలో ఒక మిఠాయి చేసేవాని కొడుకు. పెద్ద గుడిలో బాజా వాయించేవాడు. బాజా అంటే మన హార్మోనియం కాదు, ఇల్లంత బాజా, చేతులతో కాళ్లతో కలిపి వాయించాలి. ఆయన వాయిస్తుంటే జనం దేవునికి వీపు పెట్టి ఆయన వైపు తిరిగి కూర్చునేవారట. పాత గుళ్ల పెట్టెల్లో, ఎన్నడో చచ్చిపోయినవాళ్లు కట్టిన పాటలను ఎలుకలు కొరుకుతుంటే ఈయనకు నిద్ర పట్టలేదట. ఒక్కొక్కటీ చేత్తో కాగితానికి ఎక్కించుకుని, తానే అచ్చు వేయించి, కూలివాళ్లు కూడా కొనుక్కుని పాడుకునే పుస్తకాలు చేశాడట. పైన కట్టినవాని పేరు పెద్దక్షరాల్లో, అడుగున తన పేరు చిన్నక్షరాల్లో. మా సారు ధర్మం కూడా అదే. ఆయన వేసిన పుస్తకాల అడుగున 'చిన్నయ్య, కోరుట్ల' అనే ముక్క చూడాలంటే దీపం దగ్గర పెట్టుకోవాలి.

ఒక్కసారి మాత్రం బాజా దొర తప్పు చేశాడట. పడుచుతనంలో, చచ్చిపోయిన స్నేహితుని పాట ఒకటి తన పేరుతో అచ్చు వేసుకున్నాడు. అప్పటి నుంచి ఆ పాట వాయించినప్పుడల్లా, ఆయన అందుకోకముందే వెనక నుంచి ఎవరో ఆ వరుసను కూనిరాగం తీసేవారట. తిరిగి చూస్తే ఖాళీ బల్లలు. ముసలితనంలో ఆ పుస్తకాలన్నీ వెతికి తెచ్చి పొయ్యిలో పెట్టి, అసలు పేరుతో మళ్లీ అచ్చు వేశాడట. కూనిరాగం ఆగిందా సారూ అని అడిగితే, పాదిరి అంత దాకా చెప్పలేదు అన్నాడు. నేను నవ్వాను. దొరల దయ్యాలకు సంగీతం వచ్చా, మన దయ్యాలకు రాళ్లు విసరడం తప్ప ఏమీ రాదే అన్నాను.

శ్రావణంలో ఒకనాడు కోనరావుపేట అవతల గడీ దొరల మడి గట్టు మీద నడుస్తున్నాను. ముప్పై మంది ఆడవాళ్లు బురదలో వంగి నాటు వేస్తున్నారు. ఒకామె పాట ఎత్తుకుంటుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు.

*నడుమొంచి నాటిందెవరే – మడి మీద పేరెవరిదే*
*మునుం పట్టి కోసిందెవరే – గరిసె మీద పేరెవరిదే*

పాటంతా అట్లా అడగడమే. బావి తవ్విందెవరు, గోడ పెట్టిందెవరు, పిల్లను కడుపున మోసిందెవరు. జవాబు ఎక్కడా చెప్పదు. చెప్పకపోవడం వల్లనే కాబోలు, నా మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఆఖరి చరణంలో మాత్రం అడుగుతున్న మనిషి బయటపడుతుంది:

*కోనరావుపేట లచ్చవ్వ అడుగుతున్నదే –*
*కాయిదంల పేరెవరిదే*

మా వైపు పాట కట్టేవాళ్లకు ఆఖరి చరణమే దస్కతు. సంతకం రానివాళ్లు కూడా తమ పేరు, ఊరు పాటలో కలిపి వదులుతారు. పాట ఎన్ని ఊళ్లు తిరిగినా ఎవరింటిదో అందరికీ తెలుస్తుంది.

లచ్చవ్వకు నలభై ఏళ్లుంటాయి. భర్త నర్సయ్య పోయి చాలా కాలమైంది. రాజవ్వ అనే బిడ్డ ఇంట్లో బీడీలు చుట్టేది. గట్టు మీదికి పిలిచి, నీ పాట పుస్తకంలో వేస్తామక్కా అంటే ఆమె చేతుల బురద కడుక్కోవడం ఆపింది.

"అచ్చుల నా పేరుంటదా తమ్మీ?"

"ఉండకుంటె ఎట్లక్కా. ఆఖరి చరణంల ఉన్నది గద."

"భూమి కాయిదంల నేను లేను. ఓట్ల కాయిదంల నర్సయ్య పెండ్లాం అని ఉన్నదట. గీ ఒక్కదాంట్ల ఉంటె సాలు. పుస్తకం తెచ్చినంక ఏడున్నదో ఏలు పెట్టి సూపియ్యాలె మల్ల."

చూపిస్తానని మాట ఇచ్చి, మూడుసార్లు పాడించుకుని మొత్తం రాసుకున్నాను.

ఇక ఇక్కడే చెప్పేస్తాను. చివరిదాకా దాచేంత ఓపిక ఈ వయసులో లేదు. పాట నాది కాదు. కప్పలు కూడా వాటి పాటే పాడుకున్నాయి. కోరుట్ల బస్సులో కూర్చుని ఆ పాటను నెమరేసుకుంటుంటే కండక్టరు వచ్చి ఎవరు కట్టింది అని అడిగాడు. నేనే అన్నాను. నోట్లోంచి జారింది. జారిన మాట ఇంత తియ్యగా ఉంటుందని అంతవరకు నాకు తెలియదు. వెనక సీట్లోవాళ్లు ముందుకు వంగి నా ముఖం చూశారు. ఒక ముసలావిడ తన పక్కన చోటిచ్చింది. బస్సు దిగేలోపు పెన్సిలు తీసి, కోనరావుపేట లచ్చవ్వను కొట్టేసి, రుద్రంగి ఊరి హన్మంతు అని రాశాను. తాళం కూడా తప్పలేదు. తప్పితే బాగుండేది.

సారు ఆ కాగితం ముందు పెట్టుకుని హార్మోనియం మీద వాయించాడు. ఒకసారి, రెండోసారి. తర్వాత తిత్తి మూసి, ఎవరు కట్టారు అన్నాడు. నేనే అన్నాను.

"గిది నడుము వంగినోళ్ల పాట. మగ్గం గుంటల నడుము నొస్తదని ఉరికినోనివి. నీ నడుము ఎన్నడు వంగింది కొడుకా?"

మనసు వంగింది సారూ అని నవ్వాను. ఆయన నవ్వలేదు. కాని కట్టినవాడు ఎదురుగా నిలబడి నాదే అంటుంటే కాదనే ధర్మం ఆయన దగ్గర లేదు. ఆ పుటకు అక్షరాలు తానే కూర్చాడు. ఆఖరి చరణం దగ్గర, అరలోంచి 'హ' తీసి వేళ్ల మధ్య పట్టుకుని నా వైపు ఒక్కసారి చూశాడు. గోడ మీది బాజా దొర కూడా చూసినట్టే అనిపించింది. నేను సంచి సర్దుకున్నాను.

అచ్చయ్యాక ఒక పుస్తకం లచ్చవ్వకు ఇవ్వకుండా ఉండలేకపోయాను. ఎగ్గొట్టవచ్చు. కాని ఆ ఊరు దాటకుండా వేములవాడ జాతరకు పోలేను. ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. చేతులు కొంగుకు తుడుచుకుని పుస్తకం తీసుకుని, తిరగేసి పట్టుకుంది. నేను సరిచేసి పుట తీశాను.

"ఏడున్నది?"

చూపుడు వేలు ఆఖరి చరణం మీద పెట్టాను.

"ఇగో. గిదే నీ పేరు."

ఆమె నా వేలు పక్కకు జరిపి తన వేలు అక్కడ పెట్టింది. రుద్రంగి ఊరి హన్మంతు అనే అక్షరాల మీద, ఒక్కొక్కదాని మీద, పసిపిల్ల ముఖం తడిమినట్టు తడిమింది. ఇంత పొడుగుందా నా పేరు అంది. తర్వాత పుస్తకం కళ్లకద్దుకుంది. లోపలి నుంచి రాజవ్వను పిలిచి చూపించింది. రాజవ్వకూ చదువు రాదు. ఇద్దరూ ఆ చోటునే చూస్తూ నిలబడ్డారు. నాకు సర్వపిండి పెట్టారు. తిన్నాను. మింగుడు పడలేదని చెబితే కథకు బాగుంటుంది గాని, రెండు తిన్నాను.

పాట పాకింది. భాద్రపదంలో జగిత్యాలలో రైతు కూలీల సభ జరిగింది. రోడ్లు పట్టనంత జనం. పల్లెపల్లె నుంచి నడిచి వచ్చారు. వాళ్లు ఆ పాట ఎత్తుకున్నారు. నేను ఒక బండి చక్రం మీద నిలబడి, ఆఖరి చరణం కోసం ఛాతీ విరుచుకుని ఎదురు చూశాను. వేల గొంతులు ఒక్కసారే నా పేరు పలికాయి. గొప్పగా ఉండాలి కదా. ఎవరో నన్ను పట్టుకుపోవడానికి వచ్చి వాకిట్లో నిలబడి పిలిచినట్టుంది. దాని కిందనే ఇంకొకటి వినబడింది. అందరికన్నా అరక్షణం ముందు, ఒక ఆడగొంతు, వేరే పేరు. తిరిగి చూశాను. వెనక మానాల వైపు ఊళ్ల నుంచి వచ్చిన మగవాళ్లు తప్ప ఎవరూ లేరు.

బతుకమ్మనాడు కోనరావుపేట మీదుగా పోవలసి వచ్చింది. లచ్చవ్వ ఆగమని చేయి ఊపింది. నా ప్రాణం అక్కడే పోయింది. చందుర్తి నుంచి వచ్చిన చుట్టాలామె ఈ పాటనే హన్మంతు పేరు పెట్టి పాడుతున్నదని చెప్పింది. నేను నోరు తెరవకముందే తానే నవ్వి సర్దేసింది.

"తిరిగి తిరిగి అమ్మినోనివి నువ్వు. నా పేరు వాళ్లకేం ఎరుక? నోటికచ్చిన పేరు పెట్టుకుంటరు. పుస్తకంల నాది ఉన్నది. గది సాలు."

నేను నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నిటికీ నేనే సాకులు వెతుక్కున్నాను. ఆ ఒక్కదానికి మాత్రం ఆమే వెతికి పెట్టింది.

దసరా వెళ్లాక మా తాలూకాలను కల్లోలిత ప్రాంతమన్నారు. ఊళ్లలో పోలీసు క్యాంపులు దిగాయి. పుస్తకం ఇంట్లో దొరికితే కూలీ సంఘం వాళ్ల కింద లెక్క. జనం చూరులో దోపారు, వడ్లలో దాచారు, కొందరు పొయ్యిలో పెట్టారు. ఒక మధ్యాహ్నం నేను లోపల ఉండగానే చిన్నయ్య సారు దుకాణం ముందు జీపు ఆగింది. అక్షరాల పెట్టెలు తెచ్చి రోడ్డు మీద బోర్లించారు. ఒక జవాను గోడ మీది బట్టతలను చూసి ఇతను మీ పార్టీ పెద్దా, ఏ దేశం అని అడిగాడు. గుడిలో బాజా వాయించేటాయన అని సారు చెబితే, సారుకు ఒక చెంపదెబ్బ వేసి దొరను కూడా పట్టుకున్నారు. సారు, నేను, బాజా దొర, ముగ్గురం ఒకే జీపులో పోయాం.

క్యాంపులో అధికారి పుస్తకం చేతిలో పట్టుకుని, ఈ పాట కట్టిందెవరు అని ముందు సారునే అడిగాడు. సారు చెంప మీద వేళ్ల గుర్తులు అట్లానే ఉన్నాయి.

"ఆఖరి చరణంల పేరున్నది గద. సదువుకోండ్రి."

అప్పుడు నా వైపు తిరిగారు. మొదటి రెండు రోజుల సంగతి వివరంగా చెప్పను. నేను చాలా కథలు పెంచి చెబుతాను, దీన్ని మాత్రం తగ్గించి చెబుతున్నాను. మూడో దెబ్బకే కోనరావుపేట అనే మాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఇంకొక్క ఊపిరి వదిలితే బయటపడేది. పాట నాది కాదు, ఒక కూలామెది, నన్ను వదలండి. తర్వాత ఊళ్లోవాళ్లు నన్ను వీరుడన్నారు. వీరత్వం కాదు. గోడకు ఆనుకుని చిన్నయ్య సారు నన్నే చూస్తున్నాడు. ఆయన ముందు దొంగనని ఒప్పుకోవడం కన్నా దెబ్బలు సులువనిపించింది. నేనే కట్టిన, నేనే కట్టిన అని అరిచాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

వాళ్లు అన్నానికి వెళ్లినప్పుడు సారు నా పక్కకు జరిగాడు. నిజంగా ఎవరిదిరా అని మెల్లగా అడిగాడు. నాది కాదని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. చెప్పాను.  కట్టినవాళ్ల పేరు తప్పిపోవడం కన్నా పెద్ద పాపం లేదని బతికిన మనిషి ఆయన.

"ఇగ జన్మల గా పేరు ఎత్తకు. దొంగవైనవ్, దొంగ లెక్కనె ఉండు. గా తల్లి బతుకుతది."

తర్వాత నా వీపు మీద చెయ్యి వేసి, ఇప్పుడు వంగింది అన్నాడు.

వరికోతలు అయ్యాక వదిలారు. సారు అక్షరాలు సగం రోడ్డు పక్క మోరీలో కలిసిపోయాయి. ఆయన మళ్లీ ఒక్క పుస్తకం వేయలేదు. చర్చిల్లో పాడైన హార్మోనియాలు బాగు చేసుకుంటూ ఇంకా పదకొండేళ్లు బతికాడు. బాజా దొర క్యాంపు నుంచి తిరిగి రాలేదు.

నాకు రుద్రంగిలో పూలదండ వేశారు. దండ తీసేసి మర్నాడు పొద్దున్నే కోనరావుపేట పోయాను. లచ్చవ్వ వాకిట్లో వడ్లు చెరుగుతోంది. నన్ను చూసి చేట కింద పెట్టింది. ఈలోపు ఎవరో బడిపంతులు ఆ పుట చదివి చెప్పాడట. నడుము మీద చేతులు పెట్టుకుని నన్ను కింది నుంచి పైదాకా చూసి నవ్వింది.

"నా పేరు దొంగిలిస్తివి, సరె. నా దెబ్బలు గూడ దొంగిలిస్తివేందిరా తమ్మీ? గవన్న నాకు ఇడిసిపెట్టకపోతివి."

నేను నవ్వాను, ఆమె నవ్వింది, లోపల రాజవ్వ కూడా నవ్వింది. తలుపు దగ్గరికి వేసి, క్యాంపుకు వినబడకుండా, ఆ పాట తన పేరుతో ఒకసారి పాడించుకుంది.

ఇప్పుడు క్యాంపులు లేవు. చాలా ఏళ్లుగా పాటను లచ్చవ్వ పేరుతోనే పాడుతున్నాను. నా పేరుతో పాడినన్నాళ్లూ ఆఖరి చరణం దగ్గర ఆ ఆడగొంతు అరక్షణం ముందే అందుకునేది. అంగడి నడుమ, పట్టపగలు, నా భుజం వెనకే. ఆమె పేరు పెట్టి పాడిన మొదటి రోజున ఆగిపోయింది. ఆగితే ఊరట అనుకుంటారు. కాదు. ఇప్పుడు ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి నాకు తెలియకుండానే కాస్త ఆలస్యం చేస్తాను. ముందు అందుకుంటుందేమోనని. ఎవరూ అందుకోరు.

నా కథ విన్నవాళ్లు ఇందులో అబద్ధమేదో పట్టుకుంటామని పందెం కాస్తారు. బాజా దొర కూనిరాగమని కొందరు, సర్వపిండి అని కొందరు. కూనిరాగం సారు చెప్పింది చెప్పినట్టే చెప్పాను. సర్వపిండి నిజమే, రెండు తిన్నాను. కప్పల సంగతి ముందే ఒప్పుకున్నాను. అవి గాక ఒకటి కల్పించాను.

ఆ పొద్దున నేను కోనరావుపేట పోయేసరికి లచ్చవ్వ లేదు. కార్తీకంలో జ్వరం వచ్చి చనిపోయింది. రాజవ్వ ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతూ, తల ఎత్తకుండా చెప్పింది. ఏ బడిపంతులూ ఆ పుట చదవలేదు. అమ్మ మంచంలో ఒకటే ఏడుపట. నా పేరు అచ్చేసిండని తమ్మిని కొడుతున్నరు, నేను పోయి నాదేనని చెప్పాలె అని. రెండుసార్లు వాకిలి దాటిందట. బిడ్డ కాళ్లు పట్టుకుని ఆపింది. పుస్తకంలో ఉన్నది నా పేరని నేను రాజవ్వకు చెప్పలేదు. చెప్పకూడదని సారు అన్నాడు, అది ఒక కారణం. అన్నాడు కాబట్టి నాకు హాయిగా ఉంది, అది రెండో కారణం.

నడుము మీద చేతులు పెట్టుకుని లచ్చవ్వ నవ్వుతూ తిట్టిందని చెప్పానే, ఆ తిట్టు నాది. ఎన్ని రోజులు పట్టిందో, ఎన్నిసార్లు మాటలు మార్చి చూసుకున్నానో నాకే తెలుసు. వందల పాటలు పాడాను, ఒక్కటీ కట్టలేదు. ఈ జన్మలో నా సొంతంగా నేను కట్టింది ఆ తిట్టు ఒక్కటే.